డిష్ లేని ఇంట్లో నాలుగు రాగి ముక్కలు

మా ఇంటి ఓనర్ మంచాయనే. కానీ గోడకి మేకు కొడతానంటే మాత్రం ఒప్పుకోడు. ఇక్కడ ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో అద్దె ఇంటికి వచ్చి మూడేళ్ళయింది, ఇంతవరకు ఫోటో ఫ్రేమ్ కూడా తగిలించలేదు. అలాంటి ఇంటికి ముప్పావు మీటరు డిష్ బిగిస్తానని అడిగే ధైర్యం నాకు లేదు. అందుకే ఖతార్ ఆస్కార్ 100 అనే ఉపగ్రహ రేడియో మీదుగా మాట్లాడాలన్న కోరిక చాలా కాలం అలాగే ఉండిపోయింది.

తెలియనివాళ్ళ కోసం కాస్త చెప్తాను. 2018 నవంబరులో ఎస్‌హెయిల్-2 అనే ఖతార్ ఉపగ్రహం పైకి వెళ్ళింది. టీవీ ప్రసారాల పరికరాలతో పాటు అందులో మన హామ్‌ల (సరదాకి రేడియో నడిపే లైసెన్సుదారుల) కోసం కూడా ఒక ట్రాన్స్‌పాండర్, అంటే కింది నుంచి వచ్చిన సంకేతాన్ని తిరిగి కిందికి పంపే పరికరం, పెట్టారు. దాని పేరే ఖతార్ ఆస్కార్ 100. భూస్థిర కక్ష్యలో హామ్‌లకి దక్కిన మొదటిది అదే. 25.9 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర కదలకుండా కూర్చుని ఉంటుంది. మనం 2400 మెగాహెర్ట్జ్ దగ్గర పైకి పంపితే, అది 10489 మెగాహెర్ట్జ్ దగ్గర కిందికి పంపుతుంది. బ్రెజిల్ తూర్పు కొస నుంచి మన దేశం దాటేదాకా వినిపిస్తుంది.

మామూలుగా అందరూ చెప్పే లెక్క ఒకటే: 75 సెంటీమీటర్ల డిష్, 5 వాట్లు. నాకు 5 వాట్లు ఉన్నాయి, డిష్ లేదు. మరి డిష్ ముందు పెట్టే ఆ చిన్న ప్యాచ్ యాంటెన్నానే నేరుగా ఆకాశం వైపు తిప్పితే ఏమవుతుంది?

ప్యాచ్ అంటే పెద్ద విద్యేం కాదు. అల్యూమినియం రేకు మీద కొన్ని మిల్లీమీటర్ల ఎత్తులో, ఆరు సెంటీమీటర్లకి కాస్త తక్కువ ఉండే చదరపు రాగి రేకు. ఎదురెదురు మూలలు రెండు కొంచెం కత్తిరిస్తే తరంగం మెలికలు తిరుగుతూ బయటికి వస్తుంది. ఉపగ్రహానికి కావలసింది కుడివాటం మెలిక. నెట్‌లో దొరికిన ఒక డ్రాయింగ్ చూసి, మిల్లీమీటరు తేడా రాకుండా కోసి, టంకం పెట్టి, కెమెరా స్టాండ్‌కి బిగించి పెరట్లో నిలబెట్టాను.

వినడానికి నాకు డిష్ అక్కర్లేదు. కార్న్‌వాల్‌లో గూన్‌హిల్లీ దగ్గర పెద్ద ఎర్త్ స్టేషన్ ఉంది. అక్కడి వెబ్ రిసీవర్‌ని ఫోన్‌లో తెరిస్తే ఆ ట్రాన్స్‌పాండర్ మొత్తం కనిపిస్తుంది. మన సంకేతం మనకే కనపడాలి కదా, అది లేకుండా పైకి పంపడం మర్యాద కాదు.

చుక్కలు, గీతలతో మాట్లాడే మోర్స్ కోడ్ కొట్టే కీ నొక్కాను. ఏమీ లేదు. స్టాండ్ అటు తిప్పాను, ఇటు తిప్పాను. ఏమీ లేదు. దిక్కు తప్పే అవకాశమే లేదు, ఎందుకంటే ఈ వీధిలో ప్రతి ఇంటి మీదా ఉన్న స్కై టీవీ డిష్‌లు 28.2 డిగ్రీల ఉపగ్రహాన్ని చూస్తుంటాయి, మనది దానికి రెండు డిగ్రీల పక్కన. ఒంటి ప్యాచ్ చూపు అరవై డిగ్రీల పైనే ఉంటుంది కాబట్టి కళ్ళు మూసుకుని పెట్టినా తగలాలి. వారం రోజులు కేబుల్ మార్చాను, కనెక్టర్లు మార్చాను, ఆంప్లిఫయర్ కాలిపోయిందేమో అనుకున్నాను. టెన్షన్‌తో మా ఆవిడ మీద రెండుసార్లు కసిరాను కూడా.

ఆఖరికి విజయవాడలో ఉన్న మామయ్యకి ఫోన్ చేశాను. నాకు మోర్స్ నేర్పింది ఆయనే. 2005లో శ్రీహరికోట నుంచి మన హామ్‌ల ఉపగ్రహం హామ్‌శాట్ వెళ్ళిన కొత్తలో, చేత్తో యాగీ యాంటెన్నా పట్టుకుని డాబా మీద గుండ్రంగా తిరుగుతుంటే, పక్కవాళ్ళు పిచ్చెక్కిందనుకున్న మనిషి. అంతా విని ఒక్కటే అడిగారు.

"ఆ బొమ్మ డిష్ ముందు పెట్టడానికి గీసింది కదరా?"

"అవును మామయ్యా."

"మరి నీకు డిష్ ఏదీ?"

ఫోన్ పట్టుకుని అలాగే కూర్చున్నాను. అద్దంలో చూస్తే కుడి చెయ్యి ఎడమ చెయ్యి అయినట్టు, డిష్‌కి తగిలి వెనక్కి వచ్చిన తరంగం వాటం మారిపోతుంది. అందుకని డిష్ ముందు పెట్టే ప్యాచ్‌ని కావాలనే ఎడమవాటంగా చేస్తారు. దాన్ని నేను తిన్నగా ఆకాశానికి చూపించి, కుడివాటం కోసం కాచుకున్న ఉపగ్రహానికి వారం రోజులు ఎడమవాటం పంపాను. చదువుకున్నవాడినే, పరీక్షలో కూడా రాశాను ఈ ముక్క.

బాగుచేయడానికి పది నిమిషాలు పట్టింది. రాగి రేకుని అట్టులా తిరగేసి మళ్ళీ టంకం పెట్టాను. అంతే. కత్తిరించిన మూలలు అటువి ఇటు వచ్చాయి. కీ నొక్కితే ఫోన్ తెర మీద సన్నటి గీత, వెంట్రుకలాంటిది. మాటలకి చాలదు, మోర్స్ అయితే చెవి పెట్టి వింటే తెలుస్తుంది.

ఒకటి పనిచేశాక ఆశ ఊరుకుంటుందా? అలాంటివే ఇంకో మూడు కోసి, రెండేసి చొప్పున రెండు వరుసలు పేర్చాను. అన్నిటికీ ఒకే పొడుగు కేబుల్, ఒక నాలుగు దారుల డివైడర్. మొత్తం కలిపి భోజనం పళ్ళెం అంత కూడా లేదు. లెక్క ప్రకారం సంకేతం నాలుగింతలు, అంటే 6 డెసిబెల్. డివైడర్, కేబుళ్ళు అందులో కొంత తినేసి ఉంటాయి, అయినా గీత లావెక్కింది.

బల్లపరుపు యాంటెన్నాలో నాకు బాగా నచ్చింది దాని వీపు. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర సన్న కేబుల్ మీటరుకి దాదాపు 1 డెసిబెల్ మింగుతుంది. వంటింట్లోంచి అయిదారు మీటర్లు లాగితే 5 వాట్లలో చివరికి ఒకటిన్నర మిగిలితే గొప్ప. అందుకని ఆంప్లిఫయర్‌ని నేరుగా రేకు వెనకాలే బిగించాను. ఆ అల్యూమినియమే దాని వేడిని కూడా లాగేస్తుంది. ఎండ లేని ఊరు కాబట్టి చెల్లిందిలెండి, బెజవాడ మే నెలలో ఈ పని చేయమని ఎవరికీ చెప్పను.

గొడవ వైఫైతోనే. మనం పంపేది వైఫై మొదటి ఛానెల్‌ని ఆనుకునే ఉంటుంది. మొదటి ఆదివారం పూట నేను కీ మీద చెయ్యి వేయగానే లోపల్నుంచి "మళ్ళీ మొదలుపెట్టారా?" అని కేక. మా ఆవిడ వాళ్ళ అమ్మతో వీడియో కాల్‌లో ఉంది. ఇప్పుడు రూటర్‌ని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చి, యాంటెన్నా వీపుని ఇంటి వైపు ఉండేలా పెరటి చివరికి జరిపాను.

ఈలోగా మామయ్య ఊరుకోలేదు. మూలన పడున్న పాత డీటీహెచ్ డిష్‌ని దులిపి, సంకేతాన్ని అందుకుని దాని పౌనఃపున్యం తగ్గించే యూనివర్సల్ ఎల్‌ఎన్‌బీ, కంప్యూటర్‌కి పెట్టే రెండు వేళ్ళంత రేడియో రిసీవర్ (ఎస్‌డీఆర్ డాంగిల్) తగిలించారు. ఎల్‌ఎన్‌బీ 10489లోంచి 9750 తీసేస్తే 739 మెగాహెర్ట్జ్, డాంగిల్‌కి అందుతుంది. మేమిద్దరం కూర్చుని లెక్క వేస్తే ఒక తమాషా తేలింది. రెడింగ్ నుంచి ఆ ఉపగ్రహం ఆగ్నేయాన, దాదాపు 26 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. విజయవాడ నుంచి పడమటి దిక్కున, ఎత్తు మాత్రం అదే 26. ఆయనా నేనూ చెరో వైపు నుంచి ఒకే ఎత్తుకి తలెత్తి చూస్తున్నామన్నమాట.

మొన్న శనివారం మధ్యాహ్నం ఒంటిగంటకి, అక్కడ సాయంత్రం అయిదున్నర, ఫోన్ స్పీకర్‌లో ఆయన, పెరట్లో నేను. ఎండకి ఆయన ఎల్‌ఎన్‌బీలో క్రిస్టల్ పౌనఃపున్యం జారిపోతుంటే, ఉపగ్రహం నుంచి ఎప్పుడూ వచ్చే గుర్తు సంకేతం (బీకన్) చూసుకుంటూ సర్దుకుంటున్నారు. నేను నెమ్మదిగా సీక్యూ (ఎవరైనా ఉన్నారా అనే పిలుపు) కొట్టి, నా కాల్‌సైన్ (రేడియో పేరు) మూడుసార్లు పంపి ఆగాను. ఆయన వైపు నుంచి ఉప్పెనలాంటి హోరు తప్ప ఏమీ లేదు.

"వినపడిందా మామయ్యా?"

"చీమ నడిచినట్టుంది. కానీ నువ్వేరా అల్లుడూ, ఇంకెవడూ కాదు."

"ఎలా తెలిసింది?"

"సీ కొట్టేటప్పుడు చివరి చుక్క మింగేస్తావు, అది కే అయిపోతుంది. పదో క్లాసులో చెప్పా, ఇప్పటికీ అంతే. కేక్యూ, కేక్యూ అంటున్నావు. మళ్ళీ కొట్టు."

మళ్ళీ కొట్టాను, చివరి చుక్క దగ్గర కొంచెం ఆగి.