థాంక్స్‌గివింగ్ మర్నాడు మా ఇంట్లో హాట్ బ్రౌన్

నవంబర్ నాలుగో గురువారం వచ్చే థాంక్స్‌గివింగ్ పండగ అయిపోయాక అమెరికాలో ప్రతి ఇంట్లోనూ ఒకటే ప్రశ్న, మిగిలిన టర్కీ కోడిని ఏం చేయాలి? ముందు రోజు ఎగబడి తిన్న మాంసమే మర్నాటికి ఎవరికీ అక్కర్లేదు. అందులో తప్పు మనుషులది కాదు. టర్కీ రొమ్ము మాంసంలో కొవ్వు చాలా తక్కువ, రెండోసారి వేడి తగిలితే పీచుపీచుగా అయిపోయి నోట్లో తిరగదు. మనవాళ్లలో చాలామంది దాన్ని కారం, గరం మసాలా వేసి వేపుడు చేసేస్తారు, లేకపోతే బిర్యానీలో కలిపేస్తారు, అవీ బాగానే ఉంటాయి. కానీ మేం ఉండేది కెంటకీలోని లూయీవిల్‌లో. ఈ ఊళ్లో ఉంటూ మిగిలిన టర్కీతో హాట్ బ్రౌన్ చేసుకోకపోవడం నాకు అస్సలు నచ్చదు.

హాట్ బ్రౌన్ సంగతి తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్తాను. లూయీవిల్ డౌన్‌టౌన్‌లో ఫోర్త్ స్ట్రీట్, బ్రాడ్‌వే కలిసే మూల మీద బ్రౌన్ హోటల్ ఉంది, 1923లో కట్టింది. ఆ రోజుల్లో అక్కడ రాత్రిపూట భోజనం, డ్యాన్స్ ఉండేవి, ఒక్కో సాయంత్రం 1,200 మందికి పైగా వచ్చేవాళ్లని హోటల్ వాళ్లు చెప్తారు. అర్ధరాత్రి దాటాక డ్యాన్స్ చేసి చేసి అలసిపోయి ఆకలితో వచ్చేవాళ్లకి రోజూ హ్యామ్, గుడ్లే పెడుతుంటే విసుగొస్తుందని ఫ్రెడ్ స్మిట్ అనే షెఫ్ 1926లో ఈ సాండ్‌విచ్ తయారుచేశాడు. మందపాటి టోస్ట్, దాని మీద టర్కీ ముక్కలు, ఆ పైన మోర్నే సాస్, అంటే వెన్నలో మైదా వేయించి పాలు, క్రీమ్ పోసి చీజ్ కలిపిన తెల్ల సాస్. పక్కన టొమాటో ముక్కలు పెట్టి, బ్రాయిలర్ కింద, అంటే ఓవెన్‌లో పైనుంచి తగిలే మంట కింద, సాస్ బుడగలొచ్చి గోధుమరంగు మచ్చలు పడేదాకా ఉంచి, రెండు బేకన్ పట్టీలు, అంటే ఉప్పు పట్టించి పొగబెట్టిన పంది మాంసం ముక్కలు, అడ్డంగా వేసి ఇస్తారు. పైన ఇంకో బ్రెడ్ ముక్క ఉండదు. చేత్తో పట్టుకుని తినేది కాదు, ఫోర్కు, కత్తి పెట్టుకుని తినాలి. ఆ హోటల్‌లో ఇప్పటికీ దొరుకుతుంది, మే మొదటి శనివారం డెర్బీ గుర్రప్పందేలకి వచ్చేవాళ్లు దీనికోసం ప్రత్యేకంగా వెళ్తారు.

ఇంత మంచి వంటకానికి ఇంట్లో ఒకటే ఇబ్బంది. ఒక్కొక్కరికీ విడిగా పేర్చి, విడిగా బ్రాయిల్ చేసి, వెంటనే పెట్టాలి. ఇద్దరైతే పర్లేదు. పండగ రోజుల్లో మా ఇంట్లో అమ్మ, నాన్న, పిల్లలు, పక్క ఊరి నుంచి వచ్చిన చెల్లి కుటుంబం, అందరం ఉంటాం. రెండు ప్లేట్లు బయటికి తీసేలోపు ఇంకో రెండు లోపల పెట్టాలి, మొదట పెట్టినవాళ్లు తినడం అయిపోతుంటే చివరివాళ్లకి ఇంకా రాదు, వండేవాడు మాత్రం ఓవెన్ ముందే నిలబడి ఉంటాడు. అమ్మ అయితే ముద్ద ముట్టుకోకుండా చూస్తూ కూర్చుంటుంది, "నువ్వూ వచ్చి కూర్చోరా, అప్పుడు తింటాను" అంటుంది. క్యాసరోల్ చేయడం మొదలుపెట్టింది అందుకే. మొత్తం ఒకే పెద్ద పాత్రలో పేర్చి, ఒకేసారి కాల్చి, బల్ల మధ్యలో పెట్టేస్తే వండినవాడితో సహా అందరూ ఒకేసారి కూర్చోవచ్చు.

అయితే సాండ్‌విచ్‌ని ఉన్నదున్నట్టు పాత్రలో పేర్చేస్తే క్యాసరోల్ అవదు, ఇంటర్నెట్‌లో కనిపించే చాలా రెసిపీలు చెడేది ఇక్కడే. హోటల్ ప్లేట్‌లో బ్రెడ్డుకి సాస్ తగిలేది కొద్ది నిమిషాలే. క్యాసరోల్‌లో అదే బ్రెడ్డు అరగంట పైన తడిలో, వేడిలో ఉంటుంది. టొమాటో నీళ్లు వదులుతుంది, బేకన్ మెత్తబడుతుంది, సాస్ చిక్కబడి ముద్ద అవుతుంది. కాబట్టి ఏది ఎప్పుడు వేయాలి, ఎంత ఆరబెట్టి వేయాలి అన్నదే అసలు పని, రుచి సంగతి ఆ హోటల్ షెఫ్ ఎప్పుడో చూసేశాడు.

ముందు బ్రెడ్డు. టెక్సస్ టోస్ట్ అని మామూలు బ్రెడ్డుకి దాదాపు రెండింతల మందం ఉన్న ముక్కలు అమ్ముతారు, బ్రెడ్ల వరసలో ఉండే సాదాది తీసుకోండి, ఫ్రీజర్‌లో వెల్లుల్లి, వెన్న పూసి పెట్టేది కాదు. 9 అంగుళాల వెడల్పు, 13 అంగుళాల పొడవు ఉన్న పాత్రకి పది, పన్నెండు ముక్కలు పడతాయి. అంచులు తీసేసి, ఒక్కోదాన్ని ఐమూలగా రెండు త్రికోణాలుగా కోసి, 400 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో, అంటే 200 సెల్సియస్‌లో, మధ్యలో ఒకసారి తిప్పుతూ పది పన్నెండు నిమిషాలు కాల్చాలి. పైపైన రంగు వస్తే చాలదు, లోపల ఉన్న తడి పోవాలి, గోటితో కొడితే టకటకమనాలి. డబల్ కా మీఠాకి బ్రెడ్డుని పాలలో వేసే ముందు నేతిలో కరకరలాడేలా ఎందుకు వేయిస్తామో ఇక్కడా అంతే, ఎండిన బ్రెడ్డు పాలని పీల్చుకుని కూడా ఆకారం నిలబెట్టుకుంటుంది, పచ్చి బ్రెడ్డు గుజ్జైపోతుంది.

సాస్ గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే ఈ వంటకం నిలబడేదీ పడిపోయేదీ దాని మీదే. ప్లేట్ మీద పోసే సాస్ చిక్కగా ఉండాలి, లేకపోతే జారిపోతుంది. ఆ చిక్కదనంతోనే క్యాసరోల్‌లో పోస్తే ఓవెన్‌లో ఇంకా దగ్గరపడి, చల్లారేసరికి కత్తితో కోసుకోవాల్సి వస్తుంది. అందుకని నేను పాలు ఎక్కువ పోస్తాను. ఆరు టేబుల్ స్పూన్ల వెన్న సన్న సెగ మీద కరిగించి, ఆరు టేబుల్ స్పూన్ల మైదా వేసి రెండు నిమిషాలు తిప్పుతూ ఉంటే పచ్చి వాసన పోయి బిస్కెట్ వాసన వస్తుంది, రంగు మాత్రం మారకూడదు. అప్పుడు నాలుగు కప్పుల చిక్కటి పాలు, అందులో ఒక కప్పు క్రీమ్ అయినా పర్లేదు, మొదట కొద్దికొద్దిగా పోస్తూ విస్క్‌తో గట్టిగా కలపాలి. మొదటి అరకప్పు పోసినప్పుడు అంతా ఒక్కసారిగా ముద్దకట్టి గిన్నె అడుగున బంతిలా తిరుగుతుంది, గాభరా పడక్కర్లేదు, అలాగే కలుపుతూ ఇంకొంచెం పోస్తుంటే నున్నగా విడిపోతుంది. ఒక ఉడుకు వచ్చి, గరిటె వెనక పల్చగా అంటుకుని వేలితో గీస్తే గీత నిలిచిందంటే అయిపోయినట్టే.

స్టవ్ ఆపేసిన తర్వాతే చీజ్ వేయాలి. మరుగుతున్న సాస్‌లో వేస్తే చీజ్‌లోని ప్రోటీన్ బిగుసుకుపోయి గింజలు గింజలుగా అవుతుంది, నూనె పైకి తేలుతుంది, ఆ తర్వాత ఎంత కలిపినా కలవదు. హోటల్ వాళ్లు వేసేది పెకొరీనో రొమానో, గొర్రె పాలతో చేసే ఇటలీ చీజ్, బాగా ఉప్పగా ఉంటుంది. నేను ఒక కప్పు అది, ఒక కప్పు ‘షార్ప్’ అని అమ్మే తెల్ల చెడ్డార్ చీజ్ వేస్తాను, పెద్ద పాత్రకి అంతా పెకొరీనో అయితే పిల్లలకి ఘాటుగా అనిపిస్తుంది. రెండూ ఇంట్లో తురుముకోండి. కవర్లో తురిమి అమ్మేదాంట్లో ముక్కలు అతుక్కోకుండా పిండి కలుపుతారు, సాస్ గరుగ్గా వస్తుంది. చివర కాస్త జాజికాయ గీకి, మిరియాల పొడి వేయండి. ఉప్పు మాత్రం రుచి చూసేదాకా ముట్టుకోవద్దు, చీజ్, బేకన్, టర్కీ మూడింటిలోనూ ఉంది.

టర్కీ కిలోకి కొంచెం తక్కువ, ఏడెనిమిది వందల గ్రాములు సరిపోతుంది. కత్తితో సన్నగా కోయకుండా చేత్తో పెద్ద పెద్ద ముక్కలుగా విడదీస్తే ఓవెన్‌లో అంత తొందరగా ఎండదు. గ్రేవీయో, కొంచెం చికెన్ స్టాకో ఉంటే ముక్కల మీద చిలకరించి పది నిమిషాలు పక్కన పెట్టండి.

ఇక పేర్చడం. పాత్ర అడుగున ఒక గరిటెడు సాస్ పరవాలి. బ్రెడ్డు త్రికోణాల్ని పడుకోబెట్టకుండా మొనలు పైకి వచ్చేలా ఏటవాలుగా, ఒకదాని వెనక ఒకటి నిలబెడుతూ, మధ్య మధ్య సందుల్లో టర్కీ కుక్కుతూ పోవాలి. సాస్‌ని కూడా ఆ సందుల్లోకే పోయాలి, మొనల మీద కాదు. ఇలా చేస్తే బ్రెడ్డు అడుగు సగం మెత్తగా సాస్‌తో తడుస్తుంది, పై సగం కరకరలాడుతూ ఉంటుంది, టర్కీ మాత్రం సాస్‌లో మునిగి ఉంటుంది కాబట్టి ఎండిపోదు. పొరలు పొరలుగా పరిచే పద్ధతిలో ఈ కరకర రాదు, నాకైతే అది లేని హాట్ బ్రౌన్ హాట్ బ్రౌనే కాదు.

ఫాయిల్ కప్పి 350 ఫారెన్‌హీట్‌లో, అంటే 175 సెల్సియస్‌లో, ఇరవై ఐదు నిమిషాలు, ఫాయిల్ తీసి ఇంకో పది. వండిన మాంసాన్ని మళ్ళీ వేడి చేసినప్పుడు లోపల 165 ఫారెన్‌హీట్‌కి చేరాలి, థర్మామీటర్ ఉంటే మధ్యలో గుచ్చి చూడండి. ఈలోపు నాలుగు రోమా టొమాటోల్ని చక్రాలుగా కోసి, కాస్త ఉప్పు చల్లి, పేపర్ టవల్ మీద పావుగంట ఉంచితే నీళ్లన్నీ దిగిపోతాయి. వాటిని పైన పేర్చి, ఇంకొంచెం పెకొరీనో చల్లి బ్రాయిలర్ కింద రెండు మూడు నిమిషాలు. ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి, గాజు పాత్రని బ్రాయిలర్ కింద పెట్టకండి, ఆ వేడికి పగిలిపోగలదు. బ్రాయిలర్‌కి తట్టుకుంటుందని రాసి ఉన్న పింగాణీదో, పోత ఇనుముదో, లోహపు ట్రేయో వాడండి. బ్రాయిలర్ వేసి ఫోన్ చూసుకుంటూ కూర్చోవద్దు, బంగారు రంగుకీ మాడుకీ మధ్య అరనిమిషం కూడా ఉండదు.

బేకన్‌ని ముందే వేరే ట్రేలో ఓవెన్‌లో కరకరలాడేలా కాల్చి పెట్టుకుని, బల్ల మీదికి తెచ్చాక వేస్తాను. పైన పాప్రికా, పార్స్‌లీ. పాప్రికా లేకపోతే కాశ్మీరీ కారం చిటికెడు వేయండి, రంగూ అదే, ఘాటూ పెద్దగా ఉండదు. పంది మాంసం తినని స్నేహితులు వచ్చినప్పుడు టర్కీ బేకన్ వాడతాను, అసలుదాని పొగ వాసన దానికి పూర్తిగా రాదు కానీ కరకర మాత్రం వస్తుంది.

మా అమ్మ పాత్ర వేరు. కొన్నేళ్లు కార్తీక మాసం థాంక్స్‌గివింగ్ దాటి కూడా ఉంటుంది, ఆ నెలంతా అమ్మ నీచు ముట్టదు, ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. విచిత్రంగా ఈ సాస్ దానికి బాగా కుదురుతుంది, ఎందుకంటే అసలు రెసిపీలోనే ఉల్లి, వెల్లుల్లి లేవు. టర్కీ బదులు కాలీఫ్లవర్ పువ్వుల్ని నూనె, మిరియాలు వేసి అంచులు నల్లబడేదాకా ఓవెన్‌లో కాల్చి వేస్తాను. ఒక్క చీజ్ విషయంలో జాగ్రత్తపడాలి. పెకొరీనో రొమానో గొర్రెపిల్ల కడుపులోంచి తీసిన రెన్నెట్‌తో పాలు విరిచి చేస్తారు, కాబట్టి అది శాకాహారం కాదు. చాలామంది శాకాహారులకి ఈ సంగతి తెలియకుండానే ఇటాలియన్ హోటళ్లలో పెట్టేస్తుంటారు, అది నాకు బాధగా ఉంటుంది. అమ్మ పాత్రకి మైక్రోబియల్ రెన్నెట్ లేదా వెజిటేరియన్ రెన్నెట్ అని ప్యాకెట్ మీద రాసి ఉన్న చెడ్డార్ ఒక్కటే వాడతాను, సాస్ కూడా వేరే గిన్నెలో, వేరే గరిటెతో. గుడ్డు లేని బ్రెడ్డా కాదా అన్నది కూడా చూసి తెస్తాను. అమ్మ దాని మీద రెండు పచ్చిమిరపకాయలు సన్నగా తరిగి వేసుకుంటుంది, "ఇప్పుడు కుదిరింది" అంటుంది. నిజం చెప్పాలంటే పచ్చిమిర్చి పడ్డాక మా చెల్లి కూడా టర్కీది వదిలి ఇటే వస్తుంది.

పక్కన బరువైనవేం పెట్టొద్దు. నిమ్మరసం పిండిన పచ్చి ఆకుల సలాడ్ ఒకటి చాలు, లేకపోతే సన్నగా తరిగిన కీరా, కొంచెం వెనిగర్. ఇంత వెన్న, ఇంత చీజ్ తర్వాత నాలుక పులుపు అడుగుతుంది. మా నాన్నకైతే నిమ్మకాయ ఊరగాయ బద్ద ఒకటి ఉండాల్సిందే, నేను కూడా ఈ మధ్య అదే అలవాటు చేసుకున్నాను.

ముందు రోజు రాత్రే పేర్చి ఫ్రిజ్‌లో పెట్టొచ్చా అని మా చెల్లి అడుగుతూ ఉంటుంది. పెట్టకూడదు, పొద్దున్నకి బ్రెడ్డంతా సాస్ తాగేస్తుంది. బ్రెడ్డు కాల్చి డబ్బాలో, సాస్ వేరే గిన్నెలో, టర్కీ విడదీసి ఇంకో దాంట్లో పెట్టుకుంటే, పొద్దున్న సాస్‌లో కొంచెం పాలు పోసి సన్న సెగ మీద వెచ్చబెట్టి పేర్చడానికి పావుగంట పడుతుంది. వండిన టర్కీ ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులకి మించి ఉండదు కాబట్టి గురువారంది ఆదివారంలోపు వాడేయండి. క్యాసరోల్ మిగిలితే మైక్రోవేవ్‌లో వద్దు, బ్రెడ్డు తోలులా సాగుతుంది. రెండు చెంచాల పాలు చిలకరించి, ఫాయిల్ కప్పి, మళ్ళీ 350లో ఇరవై నిమిషాలు పెడితే లోపలిదాకా వేడెక్కుతుంది, చివరి ఐదు నిమిషాలు ఫాయిల్ తీసేస్తే మొనలు మళ్ళీ కరకరలాడతాయి.