జవాన్ల చావును హత్యలతో పోల్చే ముందు

"కార్గిల్‌లో పోయింది 527 మందే, దేశంలో ఏటా 28 వేల హత్యలు. ఊళ్లోకంటే సరిహద్దే నయం." తిరుపతిలో టీకొట్ల కాడ ఈ మాట వినబడతానే ఉంది. శుద్ధ తప్పబ్బా, వింటే కడుపు మండుతుంది.

2022లో హత్యలు 28,522, నిజమే. కానీ అవి 140 కోట్ల జనంలో. లక్షకు రెండు. 1999లో కార్గిల్‌లో దిగింది సుమారు 30 వేల మంది. అంటే లక్షకు 1,750, అదీ మూడు నెలల్లోపే! ఏడాది లెక్కకు తెస్తే నాలుగింతలు దాటుతుంది.

ఇంకోటి, జవాన్లలో ఎక్కువ మంది వయసు మగపిల్లలు. పసిబిడ్డలు, ముసలోళ్లు కలిసిన జనాభాతో కాకుండా ఆ వయసు మగవాళ్ల హత్యల రేటుతో పోల్చాలి. తేడా కొంచెం తగ్గుతుందేమో, పోదు. గాయపడిన 1,363 మంది ఈ లెక్కలోకి రానేలేదు.