ఊళ్లో పనిచేయడానికి ఒక రిజిస్ట్రేషన్ నంబరు: నా అనుభవం

దివ్యాంగుల ఇళ్లకు వెళ్లి, వారి కుటుంబాలతో కలిసి పనిచేసే ఉద్యోగంలోకి రావాలంటే ఏం చదవాలి, ఎక్కడ చేరాలి, చివరికి చేతికి ఎంత వస్తుంది అని మా నల్గొండ జిల్లా మునుగోడు, మర్రిగూడ వైపు అమ్మాయిలు నన్ను తరచుగా అడుగుతుంటారు. ప్రతిసారీ ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పడం కంటే, నేను వచ్చిన దారిని మొదటి నుంచి ఒకచోట రాసిపెట్టడం మేలనిపించింది. ఈ రంగంలో పనికి కొదవ లేదు, కొదవంతా పోస్టులకే. పనికీ పోస్టుకీ మధ్య ఉన్న దూరం దాటడానికి నాకు కొన్నేళ్లు పట్టింది, పూర్తిగా దాటానని ఇప్పటికీ చెప్పలేను.

మా ప్రాంతంలో ఈ పని అవసరం ఎంతటిదో బయటివారికి ఒక మాట చెప్పాలి. తాగేనీటిలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించకూడని ఫ్లోరైడ్ మా బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. పటిక, సున్నం కలిపి నీటిలో ఫ్లోరైడ్‌ను తగ్గించేందుకు నాగపూర్‌లోని నీరీ అనే పర్యావరణ పరిశోధన సంస్థ రూపొందించిన విధానానికి ‘నల్గొండ పద్ధతి’ అనే పేరే స్థిరపడిందంటే మా జిల్లా దేనికి పేరుపడిందో ఊహించుకోవచ్చు. మిషన్ భగీరథ కింద కృష్ణా నీళ్లు ఇంటింటికీ వచ్చాక పరిస్థితి మారింది గానీ, అప్పటికే బిగుసుకుపోయిన వెన్నులు, వంగిపోయిన కాళ్లు మాత్రం మళ్లీ నిటారు కావు.

బీఏ అయిపోగానే నేను ఒక స్వచ్ఛంద సంస్థలో క్షేత్రస్థాయి కార్యకర్తగా చేరాను. ఆ సంస్థ సమాజ ఆధారిత పునరావాస ప్రాజెక్టును నడిపేది, మేమంతా సీబీఆర్ అనే పిలిచేవాళ్లం. ఇంటింటి సర్వే చేయడం, అంగన్‌వాడీ టీచర్నీ ఆశా కార్యకర్తనూ వెంటబెట్టుకుని ఆలస్యంగా నడిచే, మాట్లాడే పిల్లలను గుర్తించడం, వైకల్య ధ్రువపత్రం ఇచ్చే సదరం శిబిరానికి తీసుకెళ్లడం, దివ్యాంగుల సంఘాల సమావేశాలు పెట్టించడం మా పని. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో వెలువరించిన సీబీఆర్ మార్గదర్శకాలలో ఆరోగ్యం, విద్య, జీవనోపాధి, సామాజిక జీవనం, సాధికారత అనే ఐదు గళ్ల పట్టిక ఒకటి ఉంటుంది. శిక్షణ తరగతుల్లో దాన్ని మాకు గోడ మీద అతికించి చూపించేవారు. ఊళ్లోకి వెళితే మాత్రం మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒక్కటే: “మా పిలగానికి శాతం ఎంత పడ్తది మేడం?” వైకల్యం నలభై శాతం అని పత్రంలో పడితేనే పింఛను, బస్సు పాసు. పింఛను అంటే 2023 పెంపు తర్వాత నెలకు 4,016 రూపాయలు. కూలికి పోయే ఇంట్లో ఆ డబ్బు ముందు మా ఐదు గళ్లు నిలబడవు, నిలబడాలని ఆశించడం కూడా తప్పే. అందుకే మీసేవలో స్లాటు దొరికే దాకా వెంటపడడం, శిబిరం రోజు ఆటో మాట్లాడడం వంటి పనులను నేను ఎన్నడూ చిన్నచూపు చూడలేదు. ఆ పని చేసిపెట్టిన తర్వాతే తల్లులు మన మాటకు చెవి ఇస్తారు.

నిధుల గడువు ముగియడంతో ప్రాజెక్టును మూసేశారు. చేతిలో అనుభవ పత్రం ఉంది కదా అని వేరేచోట దరఖాస్తు పెట్టబోతే, ప్రతి ప్రకటనలోనూ ఒకే షరతు కనిపించింది: ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అన్నేళ్లు పనిచేసినా ఆ మాట లోతు అప్పటిదాకా మాకెవరూ చెప్పలేదు. ఆర్‌సీఐ అంటే భారత పునరావాస మండలి, దాని చట్టం 1992లో వచ్చింది. ఆ చట్టం కింద ఢిల్లీలోని మండలి కేంద్ర పునరావాస రిజిస్టరును నిర్వహిస్తుంది. స్పెషల్ ఎడ్యుకేటర్లు, క్లినికల్ సైకాలజిస్టులు, ఆడియాలజిస్టులు, కృత్రిమ అవయవాల నిపుణులు, పునరావాస సామాజిక కార్యకర్తలు, సీబీఆర్ నిపుణులు ఇలా పదహారు రకాల వృత్తులవారు ఆ రిజిస్టరులోకి వస్తారు. గుర్తింపు పొందిన అర్హత, రిజిస్ట్రేషన్ లేకుండా దివ్యాంగులకు ఈ సేవలు అందించడం ఆ చట్టంలోని 13వ సెక్షన్ ప్రకారం నేరం, ఏడాది దాకా జైలుశిక్ష గానీ వెయ్యి రూపాయల దాకా జరిమానా గానీ రెండూ గానీ పడవచ్చు. ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ చదివినవారు మాత్రం దీని కిందికి రారు, వారికి 2021లో వేరే చట్టం వచ్చింది. నన్ను అడిగేవారిలో సగం మంది ఈ రెండింటినీ కలిపేస్తారు కాబట్టి ఇంత వివరంగా రాస్తున్నాను.

ఏ కోర్సు చేయాలన్న ప్రశ్న దగ్గర నేను చాలా రోజులు ఆగిపోయాను. మనసు సీబీఆర్ డిప్లొమా వైపే ఉంది. అయితే ఆ పేరుతో పిలిచే ప్రభుత్వ పోస్టు మా రాష్ట్రంలో నా కంటికి ఒక్కటీ కనబడలేదు. స్పెషల్ ఎడ్యుకేషన్ డిప్లొమా చేసినవారికి మాత్రం ప్రత్యేక అవసరాల పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాల్లో ఉద్యోగాలు ఉన్నాయి. అందువల్ల ఇంటర్ అర్హతతో చేసే ఆ రెండేళ్ల డిప్లొమాలో మేధోపరమైన వైకల్య విభాగాన్నే ఎంచుకున్నాను. ఇంట్లోవాళ్లు “ఎట్లాగూ టీచర్ ట్రైనింగే కదా, మామూలు డీఎడ్ చెయ్యరాదా” అన్నారు. ఆ ప్రశ్నకు అప్పుడు నా దగ్గర ఉన్న సమాధానం నేను అప్పటిదాకా తిరిగిన ఇళ్లే. దేశవ్యాప్త ఆన్‌లైన్ ప్రవేశ పరీక్ష రాసి హైదరాబాద్‌లోని ఒక శిక్షణ సంస్థలో చేరాను.

మొదటి ఏడాది సిద్ధాంత పాఠాల గురించి చెప్పడానికి పెద్దగా లేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన ఇరవై ఒక్క రకాల వైకల్యాల జాబితా, మెదడు ఎదుగుదల, ప్రజ్ఞా పరీక్షల పేర్లు, అన్నీ పరీక్షకు కావలసినవే. నాకు కళ్లు తెరిపించింది ప్రాక్టికల్స్. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధోపరమైన వైకల్యం కోసం పనిచేసే జాతీయ సంస్థ, అంటే 1984లో మొదలై ఇప్పుడు ఎన్ఐఈపీఐడీగా పిలిచే సంస్థ, తయారుచేసిన ఎఫ్ఏసీపీ అనే చెక్‌లిస్టుతో ఒక పిల్లవాడిని అంచనా వేయడం నేర్పారు. అందులో ‘వచ్చు’, ‘రాదు’ అనే రెండే గడులు ఉండవు. తనంతట తాను చేస్తాడా, సైగ చేస్తే చేస్తాడా, మాటతో చెబితే చేస్తాడా, చేయి పట్టి చేయిస్తే చేస్తాడా అని మెట్లు మెట్లుగా రాయాలి. ఊళ్లో సర్వే చేసిన రోజుల్లో ‘పనులు చేసుకోలేడు’ అని ఒక్క ముక్కలో నింపే ఫారాలే మాకు ఇచ్చేవారు. ఈ చెక్‌లిస్టు పట్టుకుని చూస్తే అదే పిల్లవాడు సగం పనులు సగం దాకా చేస్తున్నాడని కనబడుతుంది.

చొక్కా వేసుకోవడం నేర్పే పద్ధతినే తీసుకోండి. చొక్కా పట్టుకోవడం, ఒక చేయి దూర్చడం, వెనక నుంచి తిప్పడం, రెండో చేయి దూర్చడం, గుండీలు పెట్టడం, అంచు కిందికి లాక్కోవడం అని పనిని విడగొడతాం. అక్కడి నుంచి నేర్పేది తలకిందుల వరుస. అన్నీ మనమే చేసి, చివరిదైన అంచు లాక్కోవడం ఒక్కటి పిల్లవాడికి వదిలేస్తాం. అది చేయగానే చొక్కా వేసుకోవడం పూర్తయినట్టే, మెచ్చుకోలూ వాడికే. అది కుదిరాక గుండీ, ఆ తర్వాత రెండో చేయి, ఇలా వెనక్కి జరుగుతాం. మొదటి మెట్టు నుంచి మొదలుపెడితే నాలుగో మెట్టు దగ్గర పిల్లవాడు విసిగి చొక్కా విసిరేస్తాడు, తల్లి ‘వీడికి రాదు’ అని తానే తొడిగేస్తుంది. ఈ ఒక్క పద్ధతిని నేను ఎన్ని ఇళ్లలో వాడానో లెక్కలేదు.

పరీక్షలు బాగానే జరిగాయి. సర్టిఫికెట్ చేతికి రావడానికీ రిజిస్ట్రేషన్ పూర్తి కావడానికీ మధ్యే అసలు ఓపిక కావలసి వచ్చింది. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే పెట్టుకోవచ్చు. పుట్టినతేదీకి పదో తరగతి మెమో, డిప్లొమా సర్టిఫికెట్, రెండేళ్ల మార్కుల జాబితాలు, ఫొటో స్కాన్ చేసి పెట్టి ఫీజు కట్టాలి. నా టెన్త్ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ముందు ఉంది, ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు చివర ఉంది. మన తెలుగువాళ్లకు ఇది ఎంత మామూలు సంగతో, బయటి కార్యాలయాలకు అంత వింత. పేర్లు రెండూ ఒకరివే అని నోటరీ అఫిడవిట్ చేయించి పంపించాను. పెళ్లయి ఇంటిపేరు మార్చుకున్న నా తోటి విద్యార్థిని ఒకామెకు ఇంకా ఆలస్యమైంది. చదువుతుండగానే అన్ని పత్రాల్లో పేరు ఒకేలా చేయించుకోండని ఇప్పుడు చేరేవారికి ముందుగా చెప్పేది ఇదే.

నంబరు వచ్చాక జిల్లా స్థాయి ఎంపికలో సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ పాఠశాల విద్యా పథకం కింద ఒప్పంద పద్ధతిలో ఐఈఆర్‌పీగా, అంటే సమ్మిళిత విద్య రిసోర్స్ పర్సన్‌గా, మండల కేంద్రంలోని భవిత కేంద్రానికి వచ్చాను. కేంద్రానికి రాగలిగిన పిల్లలకు అక్కడే తరగతులు జరుగుతాయి, వారానికోసారి ఫిజియోథెరపిస్టు వస్తారు. మంచానికే పరిమితమైన పిల్లల ఇళ్లకు మేమే వెళతాం. ఉద్యోగంలో నాకు బాగా ఇష్టమైనదీ, కష్టమైనదీ ఆ ఇంటి సందర్శనే.

ఒక తండాలో మస్తిష్క పక్షవాతం ఉన్న పిల్ల ఉంది. అన్నం తినిపించేటప్పుడల్లా పొలమారుతుందని, అందుకని గంజి, పాలు తప్ప ఏమీ పెట్టడం లేదని తల్లి చెప్పింది. తినిపించి చూపించమన్నాను. ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టి, తల వెనక్కి వాల్చి గ్లాసుతో పోస్తోంది. తల వెనక్కి వాలితే మింగడం కష్టమవుతుంది, పోసింది గాలిగొట్టంలోకి జారే ప్రమాదం ఉంటుంది. గోడలు రెండూ కలిసే మూలలో బొంత మడిచి వేసి, పిల్లను ఆ మూలకు ఆనించి, మోకాళ్ల కింద ఇంకో మడత పెట్టి కూర్చోబెట్టాను. తల కాస్త ముందుకు వంగేలా తల్లిని ఎదురుగా, పిల్ల కళ్ల మట్టానికి కూర్చోమన్నాను. మెత్తగా పిసికిన పప్పన్నం చిన్న చెంచాతో కింది పెదవి మీద ఆనించి, పిల్ల తానే పెదవులు మూసేదాకా ఆగమన్నాను. “పసిపిల్లను మూలకు కూసోబెడ్తరా బిడ్డా?” అని నాయనమ్మ కసిరింది. నేను వాదించలేదు. “ఈ పూటకు చూడు అవ్వా” అని ఆమె చేతికే చెంచా ఇచ్చాను. ఆరోజు పిల్ల తిన్నది కొద్ది ముద్దలే అయినా పొలమారలేదు. ఆ తర్వాతి వారం నేను వెళ్లేసరికి తండాలో వడ్రంగి చేత చెక్కతో మూల కుర్చీ చేయించే బేరం నాయనమ్మే నడుపుతోంది.

ఈ పనిలో నా పాత్ర చాలావరకు అంతే. నేను వారానికి ఒక పూట ఉంటాను, తల్లి రోజంతా ఉంటుంది. కాబట్టి పిల్లకు నేను ఏం చేశానన్నది కాదు, తల్లి చేతికి ఏం వచ్చిందన్నదే రికార్డులో రాయవలసిన సంగతి. మా నెలవారీ ఫారాలలో దానికి గడి లేదు, సందర్శన జరిగిందా లేదా అన్నదే అడుగుతారు. నేను వేరే నోటు పుస్తకం పెట్టుకున్నాను.

అదే తండా దారిలో ఫ్లోరోసిస్‌తో నడుము బిగిసిపోయిన ఒక పెద్దాయన ఇల్లు ఉంది. ఆయన బడి పిల్లవాడు కాదు కాబట్టి నా ఉద్యోగ పరిధిలోకి రాడు. పాత సీబీఆర్ అలవాటు కొద్దీ ఆగి, ప్లాస్టిక్ కుర్చీకి మధ్యలో రంధ్రం చేయించి మరుగుదొడ్డి మీద వాడుకునే ఉపాయం ఆయన కొడుకుకు చెప్పాను. ఆయనలాంటి వారి దగ్గరకు వెళ్లడం ఎవరి ఉద్యోగం? నాకు తెలిసినంతలో మండల స్థాయిలో ఎవరిదీ కాదు. ఇదే ఈ రంగంలో నన్ను ఎక్కువగా వేధించే సంగతి. ప్రత్యేక అవసరాల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో పది మందికి ఒకరు, ఆపై స్థాయిలో పదిహేను మందికి ఒకరు చొప్పున స్పెషల్ టీచర్లు ఉండాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. తెలంగాణలో 2024 డీఎస్సీ 11,062 పోస్టులలో స్పెషల్ ఎడ్యుకేషన్‌కు 220 స్కూల్ అసిస్టెంట్, 796 ఎస్జీటీ పోస్టులు కేటాయించారు. నాతో చదివినవారిలో కొందరు అలా రెగ్యులర్ ఉద్యోగాల్లోకి వెళ్లారు, నేను రాశాను గానీ ర్యాంకు అందలేదు. ఇన్ని పోస్టులు రావడం సంతోషించదగిన మార్పే. అయితే ఆ పోస్టులన్నీ బడి గోడల లోపలివి. బడి వయసు దాటినవారికి, బడికి రాలేనివారికి ఇంటి గుమ్మం దాకా వెళ్లే మనిషికి మంజూరైన పోస్టు నా ఎరుకలో లేదు. సమగ్ర శిక్ష ఒప్పంద ఉద్యోగులం 2024 డిసెంబరులో సమ్మె చేసినప్పుడు అడిగింది క్రమబద్ధీకరణే, దానిలోనూ ఈ పెద్దాయన ప్రస్తావన లేదు.

చేరాలనుకునేవారు మొదట చూడవలసింది, ఆ సంస్థకు ఆ కోర్సుకు, ఆ విద్యాసంవత్సరానికి ఆర్‌సీఐ అనుమతి ఉందా అన్నది. అనుమతి లేని చోట చదివితే రిజిస్ట్రేషన్ రాదు, కట్టిన ఫీజూ తిరిగి రాదు. రెండేళ్లు చదివే వీలు లేనివారికి మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంతో కలిసి ఆర్‌సీఐ 2021లో మొదలుపెట్టిన ఆరు నెలల సమాజ ఆధారిత సమ్మిళిత అభివృద్ధి కోర్సు ఒకటి ఉంది, పూర్తిచేసినవారిని దివ్యాంగ్ మిత్ర అంటారు. పాఠ్యాంశాలు చూస్తే నేను మొదట చేసిన సీబీఆర్ పనికి అదే దగ్గర. ఆ పత్రంతో ఉద్యోగం ఎక్కడ ఉందో కనుక్కున్నాకే చేరండి.

రిజిస్ట్రేషన్ వచ్చాక కూడా దాన్ని గడువు లోపల పునరుద్ధరించుకోవాలి. అందుకు గుర్తింపు పొందిన శిక్షణ కార్యక్రమాలకు హాజరై సీఆర్ఈ పాయింట్లు కూడబెట్టాలి. మా జిల్లాలో అలాంటివి అరుదు. వచ్చే నెల సికింద్రాబాద్‌లో మూడు రోజుల కార్యక్రమం ఉంది. దానికి ఫీజు, బస్సు చార్జీలు సొంతవి, సెలవు మాత్రం మా మండల విద్యాధికారి మంజూరు చేశారు.