బావురుపిల్లి ఉండగల చోట్లు

కోరంగి మడ అడవిలో పోటు తీసిన కాలువ గట్టున, మెత్తని బురదలో బావురుపిల్లి (చేపలు పట్టి తినే అడవిపిల్లి, ఫిషింగ్ క్యాట్) అడుగుజాడను నేను తొలిసారి చూసినప్పుడు, అందులో గోళ్ల గుర్తులు కూడా కనిపించాయి. ఈ జాతి గోళ్లు పూర్తిగా లోపలికి ముడుచుకోవు. ఇటువంటి ఆనవాళ్లు, కెమెరా చిత్రాలు దొరికిన చోట్లను ఉపగ్రహ సమాచారంతో జతచేసి, చెట్ల దట్టత, నీటికి ఉన్న దూరం, భూవినియోగం ఆధారంగా పటంలోని ప్రతి గడి ఆ జంతువుకు ఎంత అనువైనదో మాక్సెంట్ వంటి కంప్యూటర్ నమూనాలతో లెక్కించి, ఎక్కువ అనువైన గడులకు ముదురు రంగు వేస్తారు. అయితే పడవ వెళ్లగలిగిన కాలువల వెంట మాత్రమే వెతికితే, పటం జంతువు దారిని కాక మన దారినే చూపుతుంది. ఆ లోపాన్ని సరిదిద్దకుండా రంగులు నింపిన పటాన్ని నేను నమ్మలేను.

కోరంగి అభయారణ్యం 1978లో ఏర్పడింది. దాని విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. బావురుపిల్లికి ఆ సరిహద్దు తెలియదు. రొయ్యల చెరువుల గట్లు, వాటి మధ్య మిగిలిన సన్నని మడ వరుసలు కూడా దానికి ఆవాసం కాగలవు. అందువల్ల పటంలో ముదురు రంగు పడిన గట్లను అభయారణ్యం వెలుపలివని పక్కన పెట్టకుండా, ముందుగా అక్కడే కెమెరాలు కట్టి, చెరువుల రైతులతో కూర్చుని మాట్లాడాలని నా గట్టి అభిప్రాయం.