ర్యామ్ వేగం ఏ పనులకు అక్కరకొస్తుంది?

ర్యామ్ కొనేటప్పుడు ఎన్ని జీబీలో అందరూ అడుగుతారు. జీబీలు చాలినన్ని ఉన్నాక, సెకనుకు ఎంత డేటా ప్రాసెసర్‌కు అందుతుందన్నదే భారీ పనులలో అసలు ప్రశ్న అని నా నమ్మకం. డీడీఆర్4 3200 ర్యామ్ సెకనుకు 3200 మిలియన్ సార్లు, సారికి 8 బైట్ల చొప్పున డేటా పంపుతుంది. అంటే ఒక ఛానల్‌కు (ర్యామ్‌కూ ప్రాసెసర్‌కూ మధ్య డేటా నడిచే దారికి) సెకనుకు 25.6 జీబీ, రెండు ఛానళ్లకు 51.2 జీబీ.

ఈమధ్య తిరుపతిలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే ఒక స్టూడియోవారి కంప్యూటర్ చూశాను. 3200 వేగపు ర్యామ్ స్టిక్కులు రెండున్నా, అమర్చినవారు వాటిని ప్రాసెసర్ పక్కనున్న మొదటి రెండు స్లాట్లలో పెట్టారు. ఆ బోర్డులో అవి రెండూ ఒకే ఛానల్‌వి. బయోస్‌లో (కంప్యూటర్ మొదలయ్యేటప్పటి సెట్టింగులలో) ఎక్స్‌ఎంపీని, అంటే ర్యామ్‌ను దానిపై రాసిన వేగంతో నడిపించే సెట్టింగ్‌ను, ఆన్ చేయనందువల్ల టాస్క్ మేనేజర్ 2133 వేగమే చూపుతోంది. వెరసి సెకనుకు సుమారు 17 జీబీ, అంటే డబ్బు పోసి కొన్న సామర్థ్యంలో మూడో వంతు. స్టిక్కులను రెండో, నాలుగో స్లాట్లకు మార్చి ఎక్స్‌ఎంపీ ఆన్ చేయడానికి పైసా ఖర్చు కాలేదు.

అంతమాత్రాన వీడియో ఎక్స్‌పోర్ట్ మూడు రెట్లు వేగంగా అయిపోదు. కావలసిన డేటాలో ఎక్కువ భాగం ప్రాసెసర్ లోపలుండే చిన్న, వేగవంతమైన మెమరీ అయిన క్యాష్‌లోనే దొరికే పనులకు ర్యామ్ వేగంతో పెద్దగా నిమిత్తం ఉండదు. క్యాష్‌లో పట్టనంత డేటాను ఏకధాటిగా చదివే పనులలోనే తేడా బయటపడుతుంది. మన తిరుపతి దగ్గరి గాదంకి ప్రయోగశాలలో శాస్త్రవేత్తలు అధ్యయనం చేసే వాతావరణాన్నే తీసుకోండి: దాన్ని కంప్యూటర్‌లో అనుకరించాలంటే లక్షలాది గడులుగా విభజించి, ప్రతి గడిలోని ఉష్ణోగ్రత, పీడనం, గాలి వేగాలను మళ్లీ మళ్లీ చదివి, కొద్దిపాటి లెక్క చేసి, తిరిగి రాయాలి. లెక్క కన్నా రాకపోకలకే ఎక్కువ సమయం పడుతుంది. సొంత కంప్యూటర్‌లో నడిపే ఏఐ మోడల్ సంగతీ ఇంతే. సాధారణంగా ఒక్కో టోకెన్‌కు (మోడల్ రాసే పదానికో, పదం ముక్కకో) మోడల్ మొత్తాన్నీ చదవాలి గనుక, 4 జీబీ మోడల్‌ను ర్యామ్ నుంచి నడిపితే 51.2 జీబీ వేగం వద్ద సెకనుకు 12 టోకెన్లు దాటవు, 17 జీబీ వద్ద నాలుగే. విడి గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటర్‌లో గ్రాఫిక్స్ పనికి కూడా ఈ ర్యామ్‌నే వాడుకోవాలి గనుక గేములకూ ఇదే వర్తిస్తుంది.

డీడీఆర్4 తర్వాతి తరమైన డీడీఆర్5 ర్యామ్ కొనేవారు సీఎల్ అంకెను (డేటా అడిగాక అది రావడం మొదలయ్యేలోపు గడిచే క్లాక్ సైకిళ్ల సంఖ్యను) కూడా చూడాలి. దాన్ని 2000తో గుణించి వేగంతో భాగిస్తే నిరీక్షణ కాలం నానోసెకన్లలో వస్తుంది. డీడీఆర్4 3200 సీఎల్16కూ, డీడీఆర్5 6000 సీఎల్30కూ అది 10 నానోసెకన్లే. 4800 సీఎల్40కి మాత్రం దాదాపు 16.7. ధరలో తేడా కొద్దిపాటిదే అయితే నేను 6000 సీఎల్30నే ఎంచుకుంటాను.