పెడన ముక్కలు

ఆదివారం.

పెడన నుంచి తెప్పించుకున్న కలంకారీ ముక్కల మూట ఇవాళ విప్పాను. దుప్పట్లూ చీరలూ కత్తిరించగా మిగిలినవి, తూకానికి అమ్ముతారు. బొంత కుట్టాలని నా ఆశ. మధ్యాహ్నమంతా ఏరడానికే సరిపోయింది.

శ్రీకాళహస్తిలో కలంతో గీస్తారు. మచిలీపట్నం పక్కనున్న పెడనలో టేకు అచ్చులతో అద్దుతారు. గీతకు ఒక అచ్చు, లోపలి రంగుకు మరొకటి. చెయ్యి వెంట్రుకవాసి జరిగితే చాలు, పువ్వు ఎరుపు గీత దాటిపోతుంది, రెండోవైపు సన్నని తెల్లసందు మిగులుతుంది. ఒక ముక్కలో లత చిక్కగా మొదలై పోనుపోను పలచబడింది. అచ్చును ఒత్తి రంగు తీసుకునే మెత్త ఆరిపోతున్నా ఇంకో నాలుగు అద్దులు లాగేశాడు మహానుభావుడు! ఇలాంటివన్నీ బొంత కుప్పలోకే. పని ఎటు నుంచి ఎటు నడిచిందో వాటిలో కనబడుతుంది.

అలాగని ప్రతి లోపాన్నీ ‘చేతిపని కదండీ’ అని సరిపెట్టే అమ్మకందార్లంటే నాకు ఒళ్లుమంట. తడి తెల్లగుడ్డతో రుద్దితే కొన్ని ముక్కల ఎరుపు గుడ్డకు అంటింది. పటిక గుడ్డకు పట్టించిన ఎరుపు అలా దిగకూడదు. రంగులో ఉడికించాక పారే నీటిలో సరిగా జాడించి ఉండరు. కొన్నిటిలో నల్లగీత అంచులు పీచులా పాకాయి. అద్దకానికి ముందు గుడ్డను కరక్కాయ కలిపిన పాలలో నానబెట్టేదే రంగు పాకకుండా. అక్కడ తొందరపడితే ఏ అచ్చూ కాపాడలేదు. ఇవన్నీ పక్కన పడేశాను.

అత్తయ్య వచ్చి కూర్చున్నారు. “నల్లగీతలు వెలుతురుకు పెట్టి చూడమ్మాయ్” అన్నారు. ఆ నలుపు తుప్పు ఇనుమూ బెల్లమూ పులియబెట్టి చేసేది. ఘాటు ఎక్కువైతే ఏళ్ల మీద నూలును తినేస్తుంది. ఆవిడ పాత దుప్పటిలో నెమళ్ల ఒళ్లు నిక్షేపంగా ఉన్నాయి, గీతలున్నచోటే చిల్లులు. కిటికీ దగ్గర పట్టుకుంటే ఒక పెద్ద ముక్కలో గీతల వెంట దారం అప్పుడే జల్లెడలా కనబడింది. మంచి హంసలు. మనసొప్పక కాసేపు ఒళ్లోనే పెట్టుకుని, చివరికి తీసేశాను.

మూట అడుగున ఏ వంకా లేని ముక్కలు కొన్ని దొరికాయి. ఒక చిలుకకూ పక్క చిలుకకూ చుక్క తేడా లేదు. వెనక్కి తిప్పితే దాదాపు తెలుపే, పైగా కిరోసిన్ వాసన. స్క్రీన్ ప్రింటు, కలంకారీ పేరుతో దూరింది.

“ఇవే శుభ్రంగా ఉన్నాయి కదే!” అన్నారు అత్తయ్య.

వాదించలేదు. ఆవిడ దిండు గలేబులకు ఇచ్చేశాను. వాసన పోవాలంటే ఎన్ని ఉతుకులు పడతాయో ఆవిడే చూసుకుంటారు. మిగిలినవి రేపు చన్నీళ్లలో నానబెట్టి నీడన ఆరేయాలి. అస్తరుకు మెత్తని పాత నేతచీర ఒకటి కావాలి, అక్కను అడగాలి.