నీ డబ్బు వద్దమ్మా, పాత కార్డే కొంటాం

“నీ డబ్బు వద్దమ్మా, బావ కంప్యూటర్ అరవై వేలల్లోనే చేసేస్తాం” అన్నాడు మావాడు. చిత్తూరులో, మా అన్నావాళ్ళింట్లో, వదిన ముందర. డల్లాస్‌లో ఉన్నన్నాళ్ళూ అది కొను, ఇది కొను అని ప్రాణం తోడేసే పదిహేనేళ్ళ పిల్లోడు ఇక్కడికొచ్చేసరికి ఇంత బుద్ధిమంతుడు ఎట్లా అయ్యాడో అర్థం కాక నవ్వేసి ఊరుకున్నాను గానీ, లోపల మాత్రం చురుక్కుమంది. అంతకు ముందే నేను చాలా దర్జాగా ఒక మాట అనేసి ఉన్నాను మరి. “లక్షన్నర అయినా ఫర్వాలేదురా, మిగతాది అత్త ఇస్తుంది, మంచిది కొనుక్కోండి” అని.

సంగతేమిటంటే మా అన్న కొడుకు ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. వాడికి గేమింగ్ కంప్యూటర్ కావాలి. మానిటర్‌తో కలిపి 60,000, ఆపైన పైసా అడగొద్దన్నాడు అన్న. 2025 వేసవి సెలవులకు మేం వెళ్ళేలోపే ఈ బావాబామ్మర్దులిద్దరూ రాత్రనకా పగలనకా మెసేజీలు పెట్టుకుని ఒక లిస్టు తయారు చేసుకున్నారు. అందులో, గేము బొమ్మల్ని తెర మీద గీసే గ్రాఫిక్స్ కార్డు ఎదురుగా ‘సెకండ్ హ్యాండ్’ అని రాసుంది. నా కన్ను నేరుగా దాని మీదే పడింది.

దాచడమెందుకు, ఇదే పిల్లాడు అక్కడ తన కంప్యూటర్‌కి కొత్త కార్డు కావాలని అడిగితే వాయిదాల మీద వాయిదాలు వేస్తున్నది నేనే. మార్కులు రానీ, పుట్టినరోజు రానీ, థ్యాంక్స్‌గివింగ్ సేల్ రానీ. వంద డాలర్లకు వంద ప్రశ్నలు వేసే మనిషిని, రేణిగుంటలో విమానం దిగితే చాలు, నా చేతికి ఎముక ఉండదు. పెట్టెల నిండా చాక్లెట్లు, సెంట్లు, అన్నకు బూట్లు, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ ఏదో ఒకటి. ఇదంతా మావాడు చూస్తున్నాడని నాకు తట్టలేదు. చూస్తూనే ఉన్నాడు.

ఇన్నేళ్ళుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాననే పేరే గానీ కంప్యూటర్ డబ్బా విప్పి లోపల ఏముందో చూసిన పాపాన పోలేదు. నేనిచ్చిన సలహా ఒక్కటే, ఐ7 ప్రాసెసర్ కొనండి. ఎందుకు అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. చుట్టాలొచ్చి చూస్తే ఐ7 అని చెప్పుకోవడానికి బాగుంటుంది, అంతే. మావాడు ఓపిగ్గా చెప్పాడు. గేము ఎంత సాఫీగా నడుస్తుందన్నది ముందు గ్రాఫిక్స్ కార్డు మీద ఆధారపడుతుంది కాబట్టి డబ్బులో పెద్ద వాటా దానికే పోవాలి, ప్రాసెసర్‌కి ఆరు కోర్లుంటే వీళ్ళ ఆటలకు సరిపోతుంది అని. వాళ్ళు ఎంచుకున్నది రైజెన్ 5 5600. 2022లో వచ్చిన సరుకు. అది కూర్చునే ఏఎమ్4 సాకెట్‌ను ఏఎండీ కంపెనీ ఏళ్ళ తరబడి మార్చకుండా నడిపింది కాబట్టి దానికి మదర్‌బోర్డులు చవక, డీడీఆర్4 ర్యామూ అప్పటికి చవకే, కూలర్ ప్రాసెసర్ డబ్బాలోనే వస్తుంది. ప్రాసెసర్‌కి పది వేలు, బీ450 బోర్డుకి ఆరు వేలు. బోర్డు ఈ ప్రాసెసర్ కన్నా ముందు తరానిది, దాంట్లో ఉండే బయోస్ అనే మొదటి ప్రోగ్రాం పాతదైతే తెర మీద బొమ్మే రాదట, అందుకని అప్‌డేట్ చేసి ఉందో లేదో షాపులో అడిగి మరీ తీసుకున్నారు. ర్యామ్ 16 జీబీ ఒకటే ముక్కగా కాకుండా 8 జీబీవి రెండు. అట్లయితే రెండూ ఒకేసారి పనిచేసే డ్యూయల్ ఛానెల్‌లో నడుస్తుంది, ధరలో పెద్దగా ఎక్కువ పడదు, ఆటలో మాత్రం తేడా తెలుస్తుంది. బయోస్‌లోకి వెళ్ళి ఎక్స్‌ఎమ్‌పీ అనే సెట్టింగు ఆన్ చేయకపోతే 3200 వేగమని డబ్బు పోసి కొన్న ర్యామ్ 2133 దగ్గరో 2400 దగ్గరో ఉండిపోతుందన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది. మా ఇంట్లో ఉన్నదానికి ఆన్ చేశారో లేదో దేవుడికెరుక.

రంగురంగుల లైట్లు తీసేశారు. అద్దాల కేబినెట్ తీసేసి ముందువైపు జాలీ ఉన్నది పెట్టారు. “ఈ ఎండలకు లైట్ల కన్నా గాలి ముఖ్యం కదమ్మా” అంటాడు. చిత్తూరు ఎండల గురించి నాకు చెప్తున్నాడు చూడండి.

అన్నిటికీ తలూపాను గానీ ఆ పాత కార్డు దగ్గర మాత్రం మొండికేశాను. ఆర్ఎక్స్ 6600 అనే ఆ కార్డు కొత్తదైతే ఇరవై వేల పైచిలుకు, చెన్నైలో ఒక కుర్రాడు వాడినది 13,500కి ఇస్తానన్నాడు. ఏడెనిమిది వేల కోసం పాతసామాను కొనిచ్చిందంటారు నన్ను. ఎవరంటారు అని మావాడు అడిగాడు. ఎవరో ఒకరు అంటార్లే అన్నాను.

అసలు కారణం వాడికి చెప్పలేదు. ఇదే ఊళ్ళో నేను చదివినన్నాళ్ళూ జూన్ వచ్చిందంటే సగం ధరకు పాత పుస్తకాలే. లెక్కల పుస్తకంలో లెక్కలన్నీ ముందే ఎవరో పెన్సిలుతో చేసేసి ఉండేవి, రబ్బరు పెట్టి చెరుపుకుంటూ కూర్చునేదాన్ని. నా పిల్లలకు మాత్రం ఒకరు వాడి వదిలేసింది కొనను అని అప్పుడే అనుకున్నాను, అమెరికా వెళ్ళాక ఆ మాట ఎంత పట్టుకున్నానంటే లైబ్రరీ నుంచి బొమ్మల పుస్తకం తెచ్చినా తుడిచి గానీ చేతికిచ్చేదాన్ని కాదు. “మీ వయసులో మేం” అని మొదలుపెట్టి రోజుకో ఉపన్యాసం ఇస్తాను గదా, అందులో ఈ పెన్సిలు సంగతి మాత్రం ఎప్పుడూ రాదు. నడిచి బడికెళ్ళాం, కరెంటు లేకుండా చదివాం అని చెప్పుకోవడంలో కాస్త గొప్ప ఉంది. దీంట్లో ఏముంది?

మావాడికి ఆ బాధేమీ లేదు. “వాడినది అయితే ఎఫ్‌పీఎస్ తగ్గుతుందా?” అంతే వాడి ప్రశ్న. ఆటలో సెకనుకు ఎన్ని బొమ్మలు తెర మీదికి వస్తాయన్న లెక్కట అది. మా అమ్మ పక్క నుంచి “పాతదైతే ఏమిరా, పనిచేస్తే చాలదా” అంది. అవ్వా మనవడూ ఒక జట్టు, మధ్యలో నేనొక్కదాన్నే అమెరికాదాన్ని.

ఇద్దరూ పొద్దున్నే బస్సెక్కి చెన్నై పోయారు. రిచీ స్ట్రీట్‌లో మిగతా సామాన్లకు నా మేనల్లుడు అరవంలో బేరమాడుతుంటే మావాడు నోరెళ్ళబెట్టి చూశాడట. చిత్తూరు పిల్లలకు అరవం ఎవరూ నేర్పక్కర్లేదు. మావాడికి ఇంటి భాషే కుంటుకుంటూ నడుస్తుంది, దానికి నేను శనివారం క్లాసులకు డబ్బులు కడుతుంటాను. కార్డు మాత్రం మావాడే చూశాడు. 2022 సెప్టెంబరులో ఇథీరియం అనే క్రిప్టో కరెన్సీ తన పద్ధతి మార్చుకోవడంతో గ్రాఫిక్స్ కార్డులతో లెక్కలు చేయించి దాన్ని సంపాదించే ‘మైనింగ్’ పని ఆగిపోయి, రాత్రింబగళ్ళు నడిచిన కార్డులు కుప్పలుగా సెకండ్ హ్యాండ్ మార్కెట్లోకి వచ్చాయి కదా, అది అలాంటిదా అని ముందు అడిగారు. తర్వాత బిల్లు, డబ్బా, సీరియల్ నంబరు, స్క్రూల మీద సీలు. ఆ కుర్రాడి ఇంట్లోనే అతని కంప్యూటర్‌లో పెట్టి కాసేపు స్ట్రెస్ టెస్ట్ నడిపించి, వేడి ఎంత ఎక్కుతోందో, ఫ్యాన్ గరగరమంటోందా అని చూసుకుని గానీ డబ్బివ్వలేదు. పెళ్ళిచూపుల్లో కూడా ఇంత విచారణ చేయరు.

కేబినెట్ చిత్తూరులోనే కొన్నారు. ఆ షాపాయన దాంతో పాటు లోపలి సామాన్లకు కరెంటు అందించే ఎస్‌ఎమ్‌పీఎస్ ఫ్రీ అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఫ్రీగా వస్తుంటే నాలుగు వేలు పోసి వేరేది ఎందుకురా అన్నాను. లక్షన్నర ఇస్తానన్న మనిషే ఈ మాటన్నది, గమనించండి. పదిమందికీ కనపడేదానికి లక్షలు, డబ్బాలో దాక్కునేదానికి ఫ్రీ. మావాడు దాన్ని నా చేతిలో పెట్టాడు, ఖాళీ అగ్గిపెట్టెలా తేలిపోతోంది. స్టిక్కరు మీద 450 వాట్లు అని లావుపాటి అక్షరాలు, కింద చిన్న పట్టికలో ప్లస్ 12 వోల్టుల దగ్గర 16 ఆంపియర్లు. “పన్నెండు పదహార్లు ఎంతమ్మా?” అన్నాడు. 192. కార్డుకూ ప్రాసెసర్‌కూ కరెంటు వచ్చేది ఈ 12 వోల్టుల లైనులోంచే. కార్డు ఒక్కటే 132 వాట్లు తాగుతుంది, ప్రాసెసర్ గట్టిగా పనిచేస్తే 76 దాకా పోతుంది, అంటే అక్కడికే 208. పెద్దక్షరాల 450కి అర్థం లేదు. పేరున్న కంపెనీది 550 వాట్లది 4,200 పెట్టి కొన్నారు. దాని మీద ఉన్న 80 ప్లస్ బ్రాంజ్ ముద్ర కరెంటు ఎంత వృథా కాకుండా వాడుకుంటుందో చెబుతుంది తప్ప సరుకు నాణ్యతకు పూచీ కాదట, అందుకని దానికీ రివ్యూలు చదివారు. ఆదా చేయకూడని చోటు ఇదొక్కటే అని మావాడు తేల్చేశాడు.

బిగించిన రోజు ఇంట్లో అందరూ చుట్టూ మూగారు. స్విచ్ వేశారు, ఫ్యాన్లు తిరిగాయి, తెర మీద మాత్రం ఏమీ లేదు. “పాతది కొంటే ఇంతే, నేను అప్పుడే చెప్పినా” అంది వదిన. నాకు టెన్షన్, ఇంకోపక్క చెప్పొద్దూ, నా మాటే నెగ్గుతుందేమోనని కొంచెం ఆశ కూడా. తీరా చూస్తే మానిటర్ వైరు మదర్‌బోర్డుకి పెట్టారు. ఈ 5600 ప్రాసెసర్లో గ్రాఫిక్స్ ఉండదు, వైరు కార్డుకే పెట్టాలి. పెట్టగానే వెలిగింది. తర్వాత విండోస్ సెట్టింగుల్లోకి వెళ్ళి 165 హెర్ట్జ్, అంటే తెర సెకనుకు 165 సార్లు మారేలా పెట్టారు, అది చేయకపోతే అంత మానిటర్ కొనీ 60లోనే ఆడుకుంటుంటారట చాలామంది. గేములో షాడోలు అల్ట్రా నుంచి హై కి దించితే కంటికి తేడా తెలియలేదు, వేగం మాత్రం పెరిగింది. వాలరెంట్ గేమైతే వెన్నలా పోతోంది.

అంతా బాగుందనుకునేసరికి కేబినెట్ అంచు తాకితే వేళ్ళు జివ్వుమన్నాయి. ఈసారి తప్పు కంప్యూటర్‌ది కాదు, ఇంటిది. ఎస్‌ఎమ్‌పీఎస్ లోపలి ఫిల్టర్ నుంచి వచ్చే కొద్దిపాటి కరెంటు ఎర్త్ వైరు గుండా భూమిలోకి పోవాలి, ఎర్త్ లేకపోతే అది కేబినెట్ మీదే నిలబడుతుంది. మా నాన్న ఇల్లు కట్టినప్పుడు పెరట్లో గుంట తీసి బొగ్గు, ఉప్పు పోసి ఎర్తింగ్ చేయించాడు. ఎండాకాలం ఆ గుంటలో బిందెడు నీళ్ళు పోయడం నా పని. కాంపౌండ్ గోడ మళ్ళీ కట్టినప్పుడు ఆ వైరు తెగిపోయిందని ఎవరూ పట్టించుకోలేదు. “ఉప్పా? నిజంగా ఉప్పా?” అని మావాడు నన్ను వదల్లేదు, తేమ పట్టి ఉంచడానికి, కరెంటు తేలిగ్గా పోవడానికి అని నాకు తెలిసింది చెప్పాను. ఆ ట్రిప్పు మొత్తంలో నేను చెప్పింది వాడు చెవిన పెట్టింది అదొక్కటే. ఎలక్ట్రీషియన్ కొత్త రాడ్ వేశాడు. “దీనికైతే నువ్వియ్యొచ్చు” అని నా కొడుకు నాకు అనుమతిచ్చాడు.

మొత్తం 54,000 అయింది. మిగిలిన ఆరు వేలు అన్న కిక్కురుమనకుండా జేబులో వేసుకున్నాడు.

ఇక్కడితో ఆపేస్తే పిల్లాణ్ణి భేషుగ్గా పెంచుకున్నాననే కథ అవుతుంది. కానీ నన్ను తొలిచే సంగతి వేరే ఉంది. నేను లక్షన్నర అన్నప్పుడు నేను చూసింది మావాడి మొహం కాదు, మేనల్లుడి మొహం. ఒక్క క్షణం వెలిగింది. మావాడు వద్దనగానే ఆరిపోయింది, వెంటనే “అవునత్తా, అరవై చాలు” అన్నాడు. వద్దనే హక్కు మావాడికి ఎవరిచ్చారు? డబ్బు నాది, కంప్యూటర్ వాడిది. మావాడికి పాత కార్డు వెతకడం ఒక ఆట, నచ్చకపోతే రేపు కొత్తది కొనిచ్చే అమ్మ ఉంది. ఆ లెక్కల పుస్తకం చెరుపుకున్నది ఎవరు? చుట్టం పిల్లాడొచ్చి, పాతదైతే ఏమి, లెక్కలు అవే కదా అని నాకు చెప్పి ఉంటే నేనూ అవుననే తలూపి ఉండేదాన్ని. మేనల్లుణ్ణి పక్కకు పిలిచి అడగాల్సింది. అడిగితే నిజం చెబుతాడా అంటే, చెప్పడు. మన పిల్లలు అత్తతో అట్లా చెప్పరు. అమెరికాలో పెరిగిన మా వాళ్ళయితే మొహం మీదే చెప్పేస్తారు, దానికీ నేను తిడుతుంటాను.

2025 చివరకొచ్చేసరికి ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో ర్యామ్ ధరలు కొండెక్కి కూర్చున్నాయి. మొన్న మేనల్లుడు మెసేజ్ పెట్టాడు, మావాడికి కాదు, నాకు. “అత్తా, 32 జీబీ చేసుకుందామనుకున్నా, రేట్లు చూశారా” అని. చూశాను. మావాడిని అడిగితే గేములకు 16 చాలు, ధర దిగేదాకా ఆగమను అన్నాడు, తలెత్తకుండా. పంపిద్దామని నేను, వాడు అడగలేదు కదా ఊరికే మాటవరసకు అన్నాడేమో అని మా ఆయన. అడగడమంటే ఇంకెట్లా అడుగుతారండీ అంటే, సరే పంపు, కానీ మనవాడికి చెప్పి పంపు అంటాడు. ఆ రెండో ముక్క దగ్గరే ఆగిపోయి ఉన్నాం ప్రస్తుతానికి. వదినకు ఫోన్ చేసి నెమ్మదిగా కదిపి చూస్తే “వద్దులేమ్మా, మీవాడికి తెలిస్తే మళ్ళీ లెక్కలు చెప్తాడు” అంది.